ఎడమ వెనక చక్రం

శుక్రవారం తెల్లవారగానే బండి కడుగుదామని గుస్నిమర్ బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి ఆ పని అయిపోయి ఉంది. పిన్ని రాపియా, ఎగువ వాడ ఆడవాళ్ళు మరో నలుగురూ కలిసి బండికి పెళ్ళికూతురికి పోసినట్టు తలంటు పోసేశారు. చక్రాల బోల్టులను కూడా కొబ్బరి పీచుతో ఒక్కొక్కటే తోమారు. అద్దంలో కొండ కనిపిస్తోంది.

"మేమూ వస్తున్నాం," అంది రాపియా చేతులు తుడుచుకుంటూ.

"ఎక్కడికి పిన్నీ?" అని అడిగింది గుస్నిమర్.

"పరీక్షకి."

"పరీక్ష బండికే, మనకి కాదు."

"పిల్లలు పరీక్షకి పోతే బడి గేటు దాకా దిగబెట్టమా? ఇదీ అంతే. అన్నం పొట్లాలు కూడా కట్టేశాం, ఇంక మాట్లాడకు."

డెబ్భై ఏళ్ళ మనిషి పొట్లాలు కట్టుకుని కూచుంటే కాదనడానికి గుస్నిమర్‌కు నోరు రాలేదు. ఐదుగురూ ఎక్కారు.

కొండ ఊరి నుంచి పట్నానికి మనుషుల్నీ మూటల్నీ చేరవేసే ఆ చిన్న బస్సు పేరు రాంకియాంగ్. ఇంటి ముందరి ధాన్యపు గాదెను ఆ కొండల్లో అలాగే పిలుస్తారు. ఇల్లూ, మడీ, గాదే ఆడవాళ్ళ పేరన నడిచే ఊళ్ళో బండి మాత్రం వేరే ఎందుకవుతుంది? గుస్నిమర్‌కు అది తల్లి నుంచి వచ్చింది. మొదట జీతానికి డ్రైవర్లను పెట్టారు గానీ ఎవరూ నిలవలేదు. ఒకడు పొద్దున్నే లేవడు, ఒకడు మిరపకాయల మూటలు చూసి మొహం చిట్లిస్తాడు, మూడోవాడు వంపుల దగ్గర కళ్ళు మూసుకుంటాడని ప్రయాణికులే దింపేశారు. చివరికి నలభై ఒకటో ఏట గుస్నిమర్ తనే స్టీరింగు పట్టింది. "కొండ దారి వంటిల్లు కాదే అమ్మాయ్," అని మేనమామ పదిమందిలో అన్నాడు. ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో దారి తెరిచుండగా ఒక్క సంత రోజు కూడా ఆ బండి పాయకుంబు పట్నం చేరకుండా ఆగలేదు. మేనమామ ఇప్పుడు పళ్ళు చూపించుకోవడానికి అందులోనే వెళ్తాడు, ముందు సీటు ఖాళీ ఉంచమని ముందు రోజే కబురు పెడతాడు.

ఆరు నెలలకోసారి బండిని పట్నం తీసుకుపోయి పరీక్ష చేయించి కార్డు తెచ్చుకోవాలి. ఈసారి ఆ గడువులోనే దారి మీద కొండచరియ విరిగిపడి పదిహేను రోజులు రాకపోకలు లేవు. మట్టి తీసేసరికి గడువులో ఒక్క రోజు మిగిలింది. అది ఈ శుక్రవారమే. సాయంత్రానికి కార్డు చేతికి రాకపోతే దారి పర్మిట్టు రద్దవుతుంది. ఆ దారి కోసం పట్నం కంపెనీ ఒకటి రెండు కొత్త బండ్లతో అర్జీ పెట్టుకుని కూచుంది. ఏసీ బండ్లు, మెత్తటి సీట్లు. కానీ అవి దిగువ వంతెన దాటి పైకి రావు, మూటలు ఎక్కించుకోవు. అప్పుడు ఎగువ వాడ ఆడవాళ్ళు మిరపకాయల మూటలు నెత్తిన పెట్టుకుని మూడు కిలోమీటర్లు దిగాలి. ఈ సంగతి బండిలో ఉన్న ఆరుగురికీ తెలుసు. అందుకే ఎవరూ ఎత్తలేదు. పాటలు పాడుకున్నారు.

దిగుతున్నప్పుడు రెండు చోట్ల బండి కొంచెం కుడికి లాగినట్టు అనిపించింది గుస్నిమర్‌కు. వాన తర్వాత రోడ్డు అలాగే ఒరిగి ఉంటుందిలే అనుకుంది. ఇంకో సంగతి కూడా గమనించింది. నెల రోజులుగా బ్రేకు వేసినప్పుడల్లా కీచుమనే ఎడమ వెనక చక్రం ఇవాళ నోరెత్తలేదు. మంచి శకునం అనుకుంది.

పరీక్ష కేంద్రం ముందు అప్పటికే పదిహేను బండ్లు వరసలో ఉన్నాయి. డ్రైవర్లు కాఫీ కొట్టు బల్లల మీద కూచుని ఉన్నారు. ఐదుగురు ఆడవాళ్ళు పొట్లాలతో దిగడం చూసి లోయ దారి డ్రైవరు మస్రిల్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం చెల్లెమ్మా, బండిని పరీక్షకి తెచ్చావా, అత్తారింటికి పంపుతున్నావా?"

"అత్తారింటికే. కట్నం కింద నిన్ను అడుగుదామనుకున్నాం గానీ, పాత సామాను మాకొద్దంది పిన్ని," అంది గుస్నిమర్.

బల్లల మీది వాళ్ళు నవ్వారు. మస్రిల్ కూడా నవ్వాడు. ఆ దారుల్లో గుస్నిమర్‌ను చెల్లెమ్మా అని పిలిచేవాడు అతనొక్కడే, మిగతావాళ్ళు ఇంకా డ్రైవరమ్మా అని దీర్ఘం తీస్తారు.

ఆ వరసలో ఒక ఆచారం ఉంది. ప్రతి బండిలోనూ నిప్పు ఆర్పే సిలిండరు, మందుల పెట్టె, రోడ్డు మీద నిలబెట్టే ఎర్ర ముక్కోణం ఉండాలి. పదిహేను బండ్లకూ కలిపి అక్కడ ఉన్నవి ఒక్కొక్కటే. ముందు బండి పరీక్ష దాటి బయటికి రాగానే అవి వెనక బండి కిటికీలోంచి లోపలికి పోతాయి. ఇన్‌స్పెక్టర్ ఫిర్మాన్ పాతికేళ్ళు దాటని కుర్రాడే అయినా ఇది అతనికి తెలియనిది కాదు. మస్రిల్ బండిలో సిలిండరు చూసి, "దీనికి నేను ఇవాళ నమస్కారం పెట్టడం పదిహేనోసారి. బాగానే ఉందా ఒంట్లో?" అని అడిగాడు.

మస్రిల్ బయటికి వచ్చి అలవాటుగా సిలిండరును రాంకియాంగ్ కిటికీలోంచి అందించబోయాడు.

"మాది మాకుంది," అంది గుస్నిమర్.

నిజంగానే ఉంది. సీటు కింద దాని కోసం వేయించిన పట్టీలో, నిండుగా, తేదీ దాటకుండా. మందుల పెట్టెలో దూదీ కట్టూ కూడా ఉన్నాయి. ఫిర్మాన్ ఆ పెట్టె మూత తీసి కాసేపు అలాగే చూశాడు. "ఇందులో మందులున్నాయే," అన్నాడు. వెనక నుంచి రాపియా, "మందుల పెట్టెలో మందులు కాక మరేముంటాయి నాయనా?" అంది.

దీపాలు చూశారు. హారను మోగించారు. పొగ గొట్టంలో మీటరు పుల్ల పెట్టి పొగ కొలిచారు. ఫిర్మాన్ బండి కింది గుంతలోకి దిగి అడుగున సుత్తితో తట్టి చూశాడు. అన్నిటికీ కాగితం మీద టిక్కులు పడ్డాయి. గుస్నిమర్ స్టీరింగు వెనక నిటారుగా కూచుంది. కంచె అవతల ఐదు తలలు వరసగా కనిపిస్తున్నాయి. ముందు చక్రాలు బ్రేకు పట్టు కొలిచే రోలర్ల మీద నిలిచి తిరిగాయి, బ్రేకు నొక్కింది, బోర్డు మీద రెండు అంకెలూ దాదాపు ఒకటే వచ్చాయి. బండిని ముందుకు జరిపి వెనక చక్రాలు ఎక్కించింది. నొక్కింది.

కుడి వైపు నూట తొంభై. ఎడమ వైపు నలభై.

"ఇంకోసారి," అన్నాడు ఫిర్మాన్.

ఇంకోసారి నొక్కింది. నూట తొంభై, ముప్ఫై ఎనిమిది.

ఫిర్మాన్ కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా మాట్లాడాడు. "అక్కా, మిగతా అంతా బాగుంది. ఇది మాత్రం దాటదు. ఇప్పుడు నమాజు వేళ, మూసేస్తున్నాం. రెండింటికి తెరుస్తాం, మూడింటి దాకా బండ్లు తీసుకుంటాం. ఆలోపు సరిచేసుకుని వస్తే మళ్ళీ చూస్తాను."

"రేపు?"

"రేపు సెలవు. మీ గడువు ఇవాళ్టితో సరి."

ఫెయిలు కాగితం ఆమె చేతికిచ్చాడు. గుస్నిమర్ బండిని బయటికి తీసి కాఫీ కొట్టు పక్కన ఆపింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఆమె మొహం చూస్తే అడగాల్సిన పని లేదు. జాకీ తీసి బండి కింద పెట్టి, తనే బండిని పైకెత్తి, చక్రం విప్పి, డ్రమ్ము ఊడలాగింది.

గుప్పున కొబ్బరినూనె వాసన వచ్చింది.

డ్రమ్మును లోపలి నుంచి అదిమి చక్రాన్ని ఆపే బ్రేకు షూలు రెండూ నూనెలో తేలినట్టున్నాయి. గుస్నిమర్ వేలితో తడిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. సందేహం లేదు, ఇంట్లో కాచిన నూనె. ఆమె తల తిప్పేలోపే రాపియా రెండు అడుగులు వెనక్కి వేసింది.

"అది కీచుకీచుమంటోంది కదే," అంది రాపియా. "ఆఫీసర్ల ముందు అలా అరిస్తే నీ పరువు పోతుందని... నిన్న పొద్దున గుడ్డలో వడగట్టి, ఆ వెనక కన్నం లోంచి పోశాను. తలుపు కీలుకి పోస్తే ఊరుకోదూ?"

"ఎంత పోశావు పిన్నీ?"

"చెంబుడు."

ఎవరూ నవ్వలేదు. తలనొప్పికీ, కాలిన పుండుకీ, బిగిసిన తాళానికీ, ఏడ్చే పసిదానికీ ఆ ఇళ్ళల్లో ఒకటే మందు. రాపియా డెబ్భై ఏళ్ళలో ఆ నూనె చెడు చేయడం ఎప్పుడూ చూడలేదు. "నీ నోటికాడ కూడు నేనే తీశానే," అంది.

గుస్నిమర్‌కు కోపం రాకపోలేదు. కానీ అది పిన్ని మీద నిలవలేదు, తన మీదికే తిరిగింది. బండి రెండు వంపుల దగ్గర కుడికి లాగి చెప్పింది. రోజూ అరిచే చక్రం నోరు మూసుకుని మరీ చెప్పింది. పాటలు వింటూ తను దాని మాట వినలేదు. లోయ వంపు దగ్గర ఎదురుగా లారీ వచ్చి ఉంటే?

మస్రిల్ నెత్తిన టోపీ సర్దుకుంటూ మసీదుకు బయల్దేరుతున్నాడు. డ్రమ్ములోకి తొంగి చూసి విషయం అర్థం చేసుకున్నాడు.

"దీనికి ఏడుపెందుకు చెల్లెమ్మా. నా సీటు కింద గుగ్గిలం పొడి ఉంది. షూ మీద చల్లి డ్రమ్ము మూసెయ్. రోలరు మీద జిగురులాగా పట్టుకుంటుంది. పది నిమిషాలు చాలు కదా. మేమంతా ఎలా దాటామనుకున్నావ్?"

"పది నిమిషాల తర్వాతో?"

"తర్వాత తీరిగ్గా రేపో ఎల్లుండో బాగుచేయించుకో."

"ఇవాళ సాయంత్రం వీళ్ళని ఎక్కించుకుని లోయ దిగి ఎక్కాలి అన్నా. రోలరు ఆగితే నాకు చాలదు, బండి ఆగాలి."

మస్రిల్ మొహం కొంచెం ముడుచుకుంది. "నీ ఇష్టం. కొత్త షూలు వెయ్యాలంటే దుకాణాలన్నీ మూసేశారు. మెకానిక్కులందరూ మసీదులో ముందు వరసలోనే ఉంటారు, రెండింటి దాకా ఒక్కడు దొరకడు. నేనుండి చేద్దామంటే శుక్రవారం నమాజు." అతను వెళ్ళిపోయాడు. అతని వెనకే ఫిర్మాన్, గేటు కాపలావాడు, డ్రైవర్లందరూ వెళ్ళారు. ఐదు నిమిషాల్లో ఆ రోడ్డు మీద మగవాసన లేకుండా పోయింది. మైకులో నమాజుకు పిలిచే బాంగు వినిపించింది.

గుస్నిమర్ నేల మీద చతికిలబడి షూలు రెండూ ఊడదీసి పాత పేపరు మీద పెట్టింది.

"ఈ సామాను అమ్మే దుకాణం ఎక్కడ?" అని అడిగింది రాపియా. కళ్ళు అటూ ఇటూ వెతుకుతున్నాయి.

కాఫీ కొట్టావిడ చెప్పింది. "మూలన పచ్చ షట్టరు. కానీ ఆయన మసీదుకెళ్ళాడు పెద్దమ్మా."

"ఆయన సంగతి కాదు. ఆ ఇల్లు ఎవరిది?"

"వాళ్ళావిడది. వాళ్ళమ్మ నుంచి వచ్చింది."

"మరి తాళం?"

కాఫీ కొట్టావిడకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత మెల్లగా నవ్వింది. "ఇల్లు ఆవిడదైతే తాళం ఆయన దగ్గరెందుకుంటుంది?"

రాపియా నూనె కారే షూలను పేపరులో చుట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. తమతో వచ్చినవాళ్ళలో మిరపకాయలమ్మే జురైదాను వెంటబెట్టుకుని మూల వైపు నడిచింది. మోకాళ్ళ నొప్పులని నెల రోజులుగా అంటున్న మనిషి ఆ నడక నడుస్తుందని గుస్నిమర్ అనుకోలేదు.

ఇక్కడ మిగిలిన ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడలేదు. కొట్టావిడ కాఫీ నీళ్ళ బిందె దింపి వేడి నీళ్ళిచ్చింది. ఒకావిడ సంచిలో ఉన్న బట్టల సబ్బు తీసింది. డ్రమ్మునూ, దాని వెనకుండే రేకు పళ్ళేన్నీ అన్నం పళ్ళాలు తోమినట్టు తోమి కడిగి, మళ్ళీ కడిగి, ఎండలో ఆరబెట్టారు. ఎక్కడైనా జిడ్డు మిగిలిందేమోనని గుస్నిమర్ వేలితో రాసి చూసింది. వేలు కిచకిచమంది.

ఈలోగా ఆమె కుడి వైపు చక్రం కూడా విప్పడం మొదలుపెట్టింది.

"అదెందుకు? అది బాగానే ఉందిగా," అంది సబ్బావిడ.

"ఒక పక్క కొత్తవీ ఒక పక్క పాతవీ వేస్తే బండి మళ్ళీ ఒక వైపే లాగుతుందమ్మా. రెండూ ఒకేసారి మార్చాలి."

పచ్చ షట్టరు దగ్గర జరిగింది తర్వాత జురైదా చెప్పింది. దుకాణందారు భార్య అన్నం తింటూ లేచి వచ్చి షట్టరు ఎత్తిందట. లోపల పెట్టెలు నూరు ఉన్నాయి, ఏది ఏ బండిదో ఆవిడకు తెలియదు. రాపియా పేపరు విప్పి ఒక షూను గల్లా బల్ల మీద పెట్టి, ఒక్కొక్క పెట్టె విప్పిస్తూ, పక్కన పెట్టి కొలిచి చూసిందట. వంపు కలిస్తే కన్నాలు కలవవు, కన్నాలు కలిస్తే వెడల్పు కలవదు. పదిహేడో పెట్టెకు అన్నీ కలిశాయి. "రవిక కొలతకి రవిక తెచ్చినట్టే," అని దుకాణందారు భార్య నవ్విందట.

రాపియా చక్రానికి రెండేసి చొప్పున నాలుగు కొత్త షూలు తెచ్చి గుస్నిమర్ ముందు పెట్టింది. పాతది ఒకటి పక్కనే పెట్టి చూపించింది. "ఇదేనా?"

"ఇదే పిన్నీ," అంది గుస్నిమర్. రాపియా అప్పుడు గానీ కూచోలేదు.

షూలు ఎక్కించడం కష్టం కాదు, స్ప్రింగులు తగిలించడం కష్టం. ఒకరు షూ అదిమి పట్టుకోవాలి, ఒకరు స్ప్రింగు కొస లాగాలి, మూడో మనిషి కొక్కేన్ని కన్నంలోకి నెట్టాలి. రెండుసార్లు తప్పిపోయి స్ప్రింగు ఎగిరి కాఫీ కొట్టు కింద పడింది. మూడోసారి జురైదా, ఏళ్ళ తరబడి మూటల తాళ్ళు బిగించిన చేతులతో, స్ప్రింగు కొస పట్టి ఊపిరి బిగబట్టి లాగింది. కొక్కెం టక్కున కూచుంది. కుడి వైపు ఒక్కసారికే పడింది.

చివరి బోల్టు బిగిస్తుండగా నమాజు ముగించుకుని మగవాళ్ళు రోడ్డు మలుపు తిరిగారు. ముందు మస్రిల్ ఉన్నాడు, పక్కనే ఇద్దరు మెకానిక్కులు. అతను వాళ్ళను వెంటబెట్టుకుని వేగంగా వస్తున్నాడు. దగ్గరికొచ్చి చూసి ఆగిపోయాడు. గుస్నిమర్ మోచేతుల దాకా నల్లగా ఉంది. జురైదా బుగ్గ మీద గ్రీజు. మరొకావిడ అన్నం పొట్లాలు విప్పుతోంది.

"ఎవరు చేశారు?" అన్నాడు ఒక మెకానిక్కు.

"ఇక్కడ ఇంకెవరైనా కనిపిస్తున్నారా?" అంది రాపియా.

మెకానిక్కు వంగి చక్రం చేత్తో తిప్పి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. లేచి చేతులు దులుపుకున్నాడు. "కొత్త షూలు కదా, రెండు మూడు రౌండ్లు తిప్పి బ్రేకు కొట్టండి. అరిగి కూచుంటాయి. ఇంకేం లేదు," అన్నాడు. ఖాళీ రోడ్డు మీద గుస్నిమర్ బండిని పది సార్లు పరుగెత్తించి ఆపుతుంటే, అడ్డంగా ఎవరూ రాకుండా రోడ్డుకు ఆ చివర మస్రిల్ తనే నిలబడ్డాడు.

రెండున్నరకు రాంకియాంగ్ మళ్ళీ రోలర్ల మీద ఉంది. ఈసారి కంచె అవతల ఐదు తలలు కాదు, ఇరవై దాకా ఉన్నాయి. గుస్నిమర్ బోర్డు వైపు చూడలేదు. కాలు కింద పెడలు గట్టిగా, సమంగా ఎదురు నిలిచింది. అంకెల కన్నా ముందు ఆ కాలికే తెలిసింది.

కుడి నూట ఎనభై ఎనిమిది. ఎడమ నూట ఎనభై ఐదు.

ఫిర్మాన్ రెండోసారి నొక్కించలేదు. కాగితం మీద టిక్కు పెట్టి, కింద ఒక గడి దగ్గర కలం ఆపాడు. "మరమ్మతు ఏ షెడ్డులో చేయించారో రాయాలి అక్కా."

"షెడ్డు లేదు. బయట రోడ్డు మీదే."

"ఏదో ఒక పేరు ఉండాలి మరి."

"గుస్నిమర్ అని రాయండి. ఇంకా జురైదా..." ఆమె ఐదుగురి పేర్లూ చెప్పింది. గడి చాలలేదు. ఫిర్మాన్ కాగితం పక్కకు తిప్పి అంచు వెంట చిన్న అక్షరాలతో రాశాడు. చివరి పేరు దగ్గర కంచె అవతల నుంచి గొంతు వినిపించింది.

"రాపియా. నా పేరు ముందు రాయాల్సింది, పెద్దదాన్ని."

కార్డు మీద ముద్ర పడింది. దాన్ని అందుకోబోతూ గుస్నిమర్ తన నల్లటి చేతులు చూసుకుని ఆగింది. ఫిర్మాన్ తనే వంగి ముందు అద్దం మూలన దాన్ని అంటించాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో పాటలు లేవు. అన్నాలు తిని, అలసిపోయి, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చారు. దిగువ వంతెన దాటింది. విరిగిపడ్డ చరియ మట్టి తీసిన చోటు దాటింది. ఎగువ వాడకు ముందు దారి ఒక్కసారి లోయలోకి నిటారుగా దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ దిగుడు సగంలో, ఎదురుగా లారీ లేదు, ఆవు లేదు, మనిషి లేడు. గుస్నిమర్ బ్రేకు నొక్కింది.

బండి కుడికి గానీ ఎడమకు గానీ వెంట్రుక వాసి జరగలేదు. గీత గీసినట్టు నిలిచిపోయింది.

రాపియా ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది? ఎందుకాపావు?"

"ఊరికే పిన్నీ," అంది గుస్నిమర్. గేరు వేసి, బ్రేకు మీది నుంచి మెల్లగా కాలు తీసింది.